తలుపు తెరుచుకోని ఆసుపత్రి

పగలంతా ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అక్కకు, సెలవు రోజుల్లో తమ్ముడు నడిపే గేమ్ సర్వర్‌లోనూ అదే ఉద్యోగం. ఆ ఆన్‌లైన్ ఆటలో ఒక ఊరు, ఆడేవాళ్లందరికీ తలో వేషం. ఒకరు పోలీసు, ఒకరు డ్రైవరు. దెబ్బలు తగిలినవాళ్లకు ఆమె నర్సు. అక్కడి ఆసుపత్రిలో వార్డు, మందుల గది రెండు నెలలు కూర్చుని తనే తయారుచేసింది.

ఆ శనివారం లాగిన్ అయ్యేసరికి ఆ ఆసుపత్రి ఉన్నచోట ఇరవై అంతస్తుల అద్దాల మేడ ధగధగలాడుతోంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఆమె విసురుగా పక్కగదిలోకి వెళ్లింది. "నా వార్డు ఏదిరా?"

"తీసేశానక్కా. లోపలా బయటా రెండూ పెడితే సర్వర్ మోయట్లేదు. బయటిదైతే వీడియోల్లో బాగా కనిపిస్తుంది కదా!"

"దెబ్బ తగిలినవాణ్ని ఆ అద్దానికి అతికించమంటావా?"

తమ్ముడు నవ్వాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. తను పనిచేసే చోటా ఇదే తంతు. ముఖద్వారానికి పాలరాయి పరిచారు, మంచాలు చాలక రోగులు వరండాలో పడుకుంటున్నారు.

"మా ఆసుపత్రిలో పైవాళ్లకు భయపడి నోరు మూసుకున్నా. నీ దగ్గర కూడా మూసుకోవాలా?" అని అరిచింది.

మళ్లీ ఆటలోకి వెళ్లి, మేడ ముందు రోడ్డు మీదే గాయపడినవాళ్లను పడుకోబెట్టి కట్లు కట్టింది. అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు: "లోపల గదుల్లేవు. ఓనర్ని అడగండి." గంట తిరక్కుండా తమ్ముడికి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మేడ తీసేసి వార్డు తిరిగి పెట్టాడు.

ఆమె కోపం మాత్రం దిగలేదు. సోమవారం డ్యూటీకి వెళ్లగానే తిన్నగా సూపరింటెండెంట్ ముందు నిలబడి, మంచాలు ఎప్పుడొస్తాయని నిలదీసింది.