ఎర్ర చేప పట్టే తీరు

నా చిన్నప్పుడు, ప్రొద్దుటూరులో మా ఇంటికి మా నాయన మస్కట్ నుంచి తొలిసారి సెలవు మీద వచ్చాడు. నేను చంటిబిడ్డగా ఉన్నప్పుడు వెళ్లిన మనిషి. ఆయన గడప దాటగానే నేను వెనక గదిలో శనక్కాయల మూటల చాటుకు దూరేదాన్ని. అమ్మ బతిమాలింది, తిట్టింది. సెలవు అయిపోతూ వచ్చేసరికి నాయన అన్నం సరిగా తినడం మానేశాడు.

పక్కింటి మామ కూడా మస్కట్‌లోనే పని చేసేవాడు. ఇద్దరూ కలిసే వచ్చారు. ఒక మధ్యాహ్నం ఆయన ఆ గదిలోకి వచ్చి మూటకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. నన్ను బయటికి రమ్మనలేదు. శుక్రవారం సెలవు నాడు తామిద్దరూ సముద్రపు రాళ్ల మీద కూర్చుని పట్టే చేప గురించి చెప్పాడు. ఒళ్లంతా ఎరుపు, తలకు మించిన కళ్లు. పగలంతా రాతి బొరియలో దాక్కుని, పొద్దు గూకాక మేతకు వస్తుంది.

"చీకట్లో అదేనని ఎట్ల తెలుస్తాది?" అన్నాను మూటల వెనక నుంచే.

"తడిమితే చెంప కాడ ముల్లుంటాది. గుచ్చుకుంటే మీ నాయన మాదిరి ఎగురుతావు. అయినా గాలానికి తగిలినప్పుడే తెలిసిపోతాదిలే. ఇంద, పట్టుకో."

నైలాన్ దారం కొసను నా చూపుడువేలి మీదుగా వేశాడు. రెండో కొస గది దాటి బయటికి పోయింది. దారం ఊరికే ఊగితే అల. బరువుగా నిలిచిపోతే రాయి. టక్కున తట్టి లాగితే ఎర్ర చేప. అప్పుడు ఆలస్యం చేస్తే అది మళ్లీ బొరియలో దూరుతుంది.

కళ్లు మూసుకున్నాను. అల, అల, రాయి. తర్వాత వేలి మీద టక్కున తట్టింది.

"చేప," అని కళ్లు తెరిచాను. మామ రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి.

"యాడుండాది చేప?"

"నన్నడిగితే ఏం తెలుస్తాది పాపా. నువ్వే పోయి చూడు."

దారాన్ని చేతికి చుట్టుకుంటూ నడిచాను. బయట అరుగు మీద మా నాయన, వేలికి దారంతో, నాకంటే భయంగా కూర్చుని ఉన్నాడు.

"ఎర్రదేనా?" అన్నాడు.

"శానా పెద్దది," అని పక్కన కూర్చున్నాను.

ఆ చేపను నేను ఇప్పటికీ చూడలేదు. మనవరాలు అలిగి తలుపేసుకుంటే మాత్రం పిలవను. తలుపు పక్కన కూర్చుని ఏదో ఒకటి చెబుతూ ఉంటాను. మామ పోయి చాలా కాలమైంది. నాయన పోయిన ఏడు పోయాడు. చివర్లో ఆయనకు మాట పడిపోయింది. మంచం పక్కన కూర్చుంటే నా చూపుడువేలు పట్టుకుని టక్కున లాగేవాడు. "ఎర్రదే నాయనా" అనేదాన్ని. అప్పుడు వదిలేవాడు.