హెల్గా మేడమ్ మాట్లాడకూడని వారం

అది కొన్నేళ్ల కిందట ఒక గురువారం సాయంత్రం నాలుగూ ఇరవైకి మొదలైంది. నిన్న మా లిఫ్టులో ఎవరో మిరియాల రసం గిన్నెతో ఎక్కారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే మేడమ్ గదిలోని ఆనాటి గోడగడియారం కళ్లముందుకొచ్చి ఒళ్లు మండింది. ఇన్నేళ్లయినా చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

ఈ అరబ్బు దేశంలో మేముండే రిగ్గై పేటలో, మా పై అంతస్తులో ఉండేవారు హెల్గా మేడమ్. జర్మనీలో ఒపెరా పాడి, ఇక్కడ ఒక స్కూల్లో గాత్రం నేర్పడానికి వచ్చారు. పొద్దున్నే ఆవిడ సాధన భరించలేక ఒకరోజు పోట్లాడటానికి వెళ్లాను. మెట్లెక్కి రొప్పుతూ నిలబడితే, "ముందు ఊపిరి తీసుకోండి, తర్వాత తిట్టండి" అన్నారు. నన్ను నేలమీద పడుకోబెట్టి పొట్టమీద అయిదు కిలోల బియ్యం సంచి పెట్టారు. "సంచి లేవాలి, భుజాలు లేవకూడదు." దజీజ్ పేటలో ఒక గోదాములో లెక్కలు రాసే నేను అలా యాభై దాటాక పాట మొదలుపెట్టాను. జలుబుతో వెళితే గుమ్మంలోంచే పంపేసేవారు. "గొంతుకు మొహమాటం తెలియదు" అనేవారు.

శుక్రవారాలు మన తెలుగువాళ్ల పిల్లలకు ఊరికే నేర్పేవారు. వాళ్ల తల్లులు చాలామంది ఇళ్లలో పనిచేసేవాళ్లు.

ఆ వారమంతా దుమ్ము. మేడమ్ దగ్గుతూనే, ఆ గురువారం నాకు పై స్వరం పాడి చూపించబోయారు. గోడగడియారంలో నాలుగూ ఇరవై. గొంతు దారంలా తెగింది. స్వరతంత్రి మీద రక్తం చేరిందన్నాడు డాక్టరు. వారం పాటు ఒక్క మాట కూడదు, గుసగుస అసలే కూడదు. 'మాట్లాడించకండి' అని తెలుగులో రాసి తలుపుకు అంటించాను. మర్నాడు శుక్రవారం, సెలవురోజైనా గోదాములో సరుకు లెక్క ఉండి వెళ్లాను.

మనవాళ్లకు ఒంట్లో బాగాలేని మనిషిని చూడకపోతే తప్పు. చూసి, ఆ మనిషి నోటి నుంచి నాలుగు మాటలు వినకుండా వస్తే ఇంకా తప్పు. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి గుమ్మం నిండా చెప్పులు. లోపల ఎగైలా పేట నుంచి వచ్చిన రమణమ్మ, ఆ పిల్లల తల్లుల్లో ఒకామె, మిరియాల రసం గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఆమెది రాయచోటి. మా ఇద్దరికీ మంచి స్నేహం.

"ఏం మేడమ్మా, మాతో పలకవా? మేమేం తప్పు జేసినాం?"

"బాగున్నాను, రమణా" అని పిల్లల దగ్గర నేర్చుకున్న తెలుగులో గుసగుసగా అన్నారు మేడమ్, నవ్వు తెచ్చుకుని.

"తలుపుమీద కాగితం చూడలేదా?" అన్నాను.

"చూసినాం లేక్కా. అది బయటోళ్లకనుకుంటిమి. ఆయమ్మేమన్నా గట్టిగా అరిసిందా, గుసగుసేగదా."

పొద్దుటినుంచీ అదే వరస అని అప్పుడు తెలిసింది. అందరినీ పంపేసి మేడమ్ మీద విరుచుకుపడ్డాను. "నన్ను జలుబుకే గెంటారే, వీళ్లను పొమ్మనలేకపోయారా? మొహమాటం గురించి చెప్పింది మీరేనా?"

ఆవిడ పలకమీద రాశారు: "వాళ్లకు వారంలో సెలవు ఒక్క పూట. అది నాకిచ్చారు." తుడిచి మళ్లీ రాశారు: "గొంతు పోతే, అది వాళ్లవల్లనని వాళ్లకు చెప్పవద్దు."

దాంతో నా కోపానికి పోయే చోటు లేకపోయింది. అందుకే ఇంకా నా దగ్గరే ఉంది.

ఆ గుసగుసలకు తంత్రి మీద రక్తం మళ్లీ చేరి మచ్చ కట్టింది. మాట బొంగురుగా తిరిగొచ్చింది, పాట రాలేదు. పాడలేని టీచరుకు స్కూలు, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం రెన్యూ చేయించలేదు. ఆవిడ చెల్లెలి దగ్గరకు వెళ్లిపోయారు. దుమ్మువల్ల పోయిందని రమణమ్మకు చెప్పాను గాని, మళ్లీ ఆమె ముఖం చూడలేకపోయాను. ఈ మధ్యనే మేడమ్ పోయారని కబురొచ్చింది. పలకమీది ఆ మాటకు ఇక కట్టుబడనక్కర్లేదని రాస్తున్నాను. ఇప్పుడు రోగి ఇంటికి వెళితే గుమ్మంలోనే పళ్లిచ్చి తిరిగొస్తాను. రాతి గుండె అంటారు. అననీ.

పోయినవి ఇవి: ఒక గొంతు. ఒక ఉద్యోగం, దానితో ఇఖామా. పిల్లల శుక్రవారాలు. రమణమ్మతో నా స్నేహం. అది ఎందుకు పోయిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.