కార్డు మార్చింది నేనే

ఈ మాట పదిహేనేళ్లకు పైగా నా గొంతులోనే ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. దేవుడికి చెప్పుకున్నాను గానీ, ఆయనకు ముందే తెలుసు కాబట్టి అది చెప్పినట్టు కాదు. మీరు నన్ను ఎరగరు. నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్పడం కొంచెం సులువనిపించింది. అయినా చెయ్యి ఆగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? నా తప్పుతోనా, ఆయన మంచితనంతోనా? ఆయనతోనే మొదలుపెడతాను. లేకపోతే నా తప్పు ఎంతదో మీకు తెలియదు.

ఆయనంటే సామేలన్న. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఆయనది. నేను నందిపేట్‌లో పసుపు చేను వదిలి, ఇరవై నాలుగేళ్ల వయసులో ఆయన దగ్గర పనికి చేరాను. టంకం పెట్టడం రాదు. మాట వినడం అంతకన్నా రాదు. మొదటి వారంలోనే ఎవరిదో ఫోన్ బోర్డు కాల్చేశాను. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన ఆ బోర్డును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "మంచిగనే ఏగింది తమ్మీ, ఉప్పు తక్కువైనట్టుంది" అన్నాడు. అంతే. మధ్యాహ్నం డబ్బా విప్పితే ముందు నా మూతలో కూర వేసి, తరువాత తాను తినేవాడు. వదిన నా కోసం రోజూ రెండు రొట్టెలు ఎక్కువ పెట్టి పంపేది. నా సొంత అన్న నన్ను అంత చూసుకోలేదు. ఈ మాట మా అన్న ఎదురుగా ఉన్నా అంటాను.

సామేలన్న చదివింది ఐటీఐ. కంప్యూటర్ పని మాత్రం నెట్ సెంటర్‌లో కూర్చుని తనంతట తాను నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో ఫోన్లకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి వచ్చింది. తెలిసినవాళ్లు దాన్ని నెట్ నుంచి దింపుకుని తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఆ సిస్టమ్ ఉన్న ఫోన్లు మా ఊళ్లోకి ఇంకా రాలేదు. అన్న దగ్గర ఎవరో వద్దని వదిలేసిన పాత టచ్ ఫోన్ ఉండేది. "ఒళ్లు పాతదే గాని తమ్మీ, గిండ్ల కొత్త పానం పోద్దం" అన్నాడు.

నాలుగు నెలలు చేశాడు ఆ పని. ఫోన్ లోపల చోటు చాలదు కనుక కొత్త సిస్టమంతా మెమరీ కార్డులో పెట్టి, అక్కడి నుంచే నడపాలి. టచ్ పనిచేసింది. శబ్దం వచ్చింది. సిగ్నల్ పట్టింది. ఇలాంటి పనులు చేసేవాళ్లంతా నెట్‌లో ఒకచోట చేరి రాసుకునేవారు. అన్న కూడా వచ్చీరాని ఇంగ్లీషులో అక్కడ రాసేవాడు, ఎవరైనా మెచ్చుకుంటే నాకు చదివి వినిపించేవాడు. నాకు సగం అర్థమయ్యేది కాదు. ఆయన ముఖం చూస్తూ కూర్చునేవాణ్ని.

ఆ పని కోసమే హైదరాబాద్ నుంచి అసలైన కార్డు తెప్పించుకున్నాడు. మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. వచ్చిన కార్డులూ బ్యాటరీలూ ఒకరివి ఒకరికి పోకుండా గోళ్లరంగుతో గుర్తు పెట్టేవాళ్లం. అన్న కార్డుకు ఎర్రచుక్క, పక్కన చిన్న గీత. గుర్తులు పెట్టే పని నాది. గుర్తు ఉందంటే ఇక రెండోసారి చూసేది లేదు, మాకు అంత నమ్మకం.

బోధన్‌లో మా మేనమామ కొడుకు పెళ్లి వచ్చింది. ఫోన్ నిండా పాటలు వేసుకుపోవాలని, అందరి ఫోటోలూ తీయాలని నాకు షోకు. నా కార్డేమో చిన్నది. అన్న ఆ వారం కంప్యూటర్ మీదే ఏదో రాసుకుంటున్నాడు, కార్డు ముట్టడం లేదు. అందులో ఉన్నదంతా కంప్యూటర్‌లోనూ ఉంది. నాలుగు రోజులే కదా అనుకుని తీసుకున్నాను. దాని బదులు మేం చవకగా అమ్మే నకిలీ కార్డు ఒకటి తీసి, అన్న చేయగా చూసినట్టే కంప్యూటర్ నుంచి సిస్టమ్ దాంట్లోకి ఎక్కించి, ఎర్రచుక్క పెట్టి, గీత గీసి, అక్కడ ఉంచాను. అడిగితే నవ్వుతూ ఇచ్చేవాడే. ఎందుకడగలేదు? ఎన్నిసార్లు తవ్వుకున్నా జవాబు దొరకదు. చెరుకు ట్రాక్టర్ల వెనక ఆగి ఆగి పోయే బస్సులో పాటలు వింటూ దర్జాగా బోధన్ పోయాను.

తిరిగొచ్చిన రోజు కార్డు నా జేబులోనే ఉంది. ఇచ్చేద్దామనే వచ్చాను. అన్న పాలకోవా పొట్లం పట్టుకుని గడపలోనే ఎదురొచ్చాడు. ఆయన రాతలు చూసి హైదరాబాద్‌లో ఒక కంపెనీవాళ్లు పిలిచారట. నెల రోజుల్లో ఫోన్ తీసుకుని రమ్మన్నారట. సరిగ్గా నడిస్తే నౌకరీ ఇస్తారట. "దుకాణం నీకే ఇడిచిపెట్టి పోత తమ్మీ, ఫికర్ చేయకు" అంటూ నా నోట్లో కోవా పెట్టాడు.

నాకు సంతోషం కలగాలి కదా? ఏడుపొచ్చింది. ఈ మనిషి లేని దుకాణంలో నేనేం చేయాలి? ఎవరితో కూర్చుని తినాలి? కార్డు జేబులోనే ఉండిపోయింది. ఆ రోజు కావాలని దాచలేదు, రేపిద్దాంలే అనుకున్నాను. మరునాడు కూడా అదే అనుకున్నాను. మూడో రోజు నుంచి అనుకోవడం మానేశాను.

నకిలీ కార్డు సంగతి మీకు తెలుసో లేదో. పైన రాసిన దాంట్లో లోపల పావు వంతు చోటు కూడా ఉండదు. ఆ కొంచెం నిండేదాకా మంచిగానే నడుస్తుంది. ఆ తరువాత రాసిందల్లా మొదట రాసినదాని మీదనే పడుతుంది. అన్న ఫోన్ మొదటిసారి బాగానే లేచేది. ఆపి మళ్లీ వేస్తే ఫైల్ సిస్టమ్ దెబ్బతిన్నదని, ఇంకేమీ రాయనని మొండికేసేది. ఫైల్ సిస్టమ్ అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసిపెట్టుకునే పట్టీ. ఆ పట్టీయే చెరిగిపోతుంటే పాపం ఆయనేం చేస్తాడు! కార్డు లోపలి చోటును చెరిపి మళ్లీ మళ్లీ భాగాలుగా విడగొట్టాడు. ఫైల్ సిస్టమ్ రకం మార్చాడు. ఫోన్ కార్డులో రాసే వేగం సగానికి తగ్గించాడు. ఫోన్ లేచేటప్పుడు వచ్చే సందేశాలను ఒక్కో వరుసా నోట్‌బుక్‌లో చేత్తో రాసుకుని, రోజంతా వాటి మీద పడి ఉన్నాడు. అన్నం తింటూ చెయ్యి మధ్యలో ఆపేసేవాడు.

ఒకరోజు తలెత్తి నన్నడిగాడు.

"తమ్మీ, కార్డు గదే కదరా?"

"గదే అన్న. సుక్క సూడు."

చుక్క చూశాడు. "అవ్ రా. నీ మీద డౌట్ కాదు. నా దిమాకే పని చేస్తలేదు."

దుకాణంలో ఉన్న ఇంకో రెండు కార్డులు కూడా పెట్టి చూశాడు. అవీ నకిలీవే కాబట్టి వాటితోనూ అదే రోగం. అసలుదనుకున్న కార్డుకూ వాటికీ ఒకటే రోగం కావడంతో తప్పు తన రాతలోనే ఉందని ఖాయం చేసుకున్నాడు. గడువు దాటింది. హైదరాబాద్ పోలేదు. నెట్‌లో అందరికీ "నాకు తెలియకుండానే తెలిసినట్టు చెప్పాను, మన్నించండి" అని క్షమాపణ రాశాడు.

ఆ ఆదివారం వాళ్ల పెద్దబిడ్డ పుట్టినరోజు. వదిన రమ్మంటే నేను కూడా చర్చికి పోయాను. ఆరాధనలో దేవుడు తమకు చేసినదాన్ని లేచి అందరికీ చెప్పే సాక్ష్యాల వేళ సామేలన్న లేచి నిలబడ్డాడు. "నేను పెద్ద మొనగాన్ననుకున్న. గర్వమొచ్చింది. దేవుడు నా గర్వం అణిచిండు, స్తోత్రం" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. వెనక వరుసలో కూర్చున్న నేను కూడా అన్నాను. నోరెట్లా వచ్చిందో నాకు!

అట్లా ఆయన ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ ఇద్దరం అదే దుకాణంలో ఉన్నాం, ఇప్పటికీ ముందు నా మూతలోనే కూర పడుతుంది. నాకు కావలసింది నాకు దక్కింది. మొన్న ఇంజనీరింగ్ చదివే ఆయన చిన్నబిడ్డ దుకాణానికి వచ్చి ఏదో ప్రోగ్రాంలో సాయం అడిగింది. "నాకంత తెలివి లేదు బిడ్డా. ఒకసారి చేసి సూసిన, నాతోని కాలే" అన్నాడు, నవ్వుతూ. బాధపడుతూ అని ఉంటే ఓర్చుకునేవాణ్నేమో.

ఇంతవరకు చెప్పింది సగమే. మిగతా సగం దాటేయాలని చూశాను, మీరు కనిపెట్టే ఉంటారు.

ఆయన సాక్ష్యం చెప్పడానికి ముందు ఆదివారం అది. గడువుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. అన్న ఇంటిల్లిపాదితో చర్చికి పోయాడు. దుకాణం తాళం చెవి నా దగ్గరుంది. ఒక ఆశతో పోయాను. తప్పు నిజంగా ఆయన రాతలోనే ఉందేమో, కార్డు మార్చకపోయినా ఇదే జరిగేదేమో, అదే తేలితే నా మనసు కుదుటపడుతుంది కదా! నా జేబులోని అసలు కార్డులోకి ఆయన సిస్టమ్‌ను కంప్యూటర్ నుంచి ఎక్కించి, ఫోన్‌లో వేశాను. లేచింది. ఆపి మళ్లీ వేశాను. లేచింది. కార్డు నిండా పాటలూ ఫోటోలూ నింపి వేశాను. నడుస్తుండగానే బ్యాటరీ ఊడబీకి, మళ్లీ పెట్టాను. లేచింది. ఒక్క ఫైలు పోలేదు. తెర వెలిగిన ప్రతిసారీ నాకు సంతోషమే వేసింది, ఒట్టు. "శెభాష్ అన్నా!" అని పైకే అన్నాను. ఖాళీ దుకాణంలో ఒక్కణ్నే కూర్చుని నవ్వాను.

ఆ తరువాత ఆ కార్డు తీసేసి, నకిలీది మళ్లీ పెట్టి, షట్టర్ దించి ఇంటికి పోయాను. సరిగ్గా అదే వేళ అన్న చర్చిలో ఆ ఫోన్ కోసం అందరిచేత ప్రార్థన చేయించాడని సాయంత్రం వదిన చెప్పింది.

పోతే నన్ను మరిచిపోతాడని భయపడ్డాను. ఆయన మరిచిపోయే మనిషేనా? అది కూడా తెలుసు నాకు. తెలిసే చేశాను. దీన్ని ప్రేమ అని పిలిచి తప్పించుకోవాలని చాలా ఏళ్లు చూశాను, కుదరలేదు. ఆయన ముఖం చూసి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు, వస్తుందని మాటివ్వలేను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాస్తుంటే మాత్రం కొంచెం ఊపిరాడుతోంది.

సామేలన్నకు తెలివి తక్కువై కాదు. గర్వం వల్లా కాదు. ఆయన చేసిన ఫోన్ నడిచింది. నేను చూశాను.