అత్త చూడని బండలాగుడు

ఈ పొద్దున్నే ఆస్పరి వైపు నుంచి ఒక జాతర కమిటీ పెద్ద ఫోనులో మాట రికార్డు చేసి పంపించాడు. "అన్నా, మా ఊర్లో ఎద్దుల బండలాగుడు పెట్టుకుంటాండాము. మీరే తీయల్ల. ఈతూరి మాత్రం కెమెరా ఇడిసిపెట్టి ఎగరొద్దండప్పా!" అది విని నేనూ మా బామ్మర్దీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. మా పరువు అంత దూరం పాకిందన్నమాట.

ఆదోనిలో పత్తి మార్కెట్ దగ్గర మిద్దె మీద మాకొక గది ఉంది. బోర్డు మీద సినిమా కంపెనీ అనే రాసుకున్నాం గానీ, కంపెనీ అంటే నేను, బామ్మర్ది, ఒక కెమెరా, ఒక మైకు. హీరోలతో, డ్యూయెట్లతో మాకు పని లేదు. ఎమ్మిగనూరులో రథం కదిలినా, ఏదో పల్లెలో పీర్లు లేచినా, చర్చి ముందు పిల్లలు కోలాటం వేసినా అక్కడ వాలిపోతాం. మాకొక నియమం కూడా ఉంది. ఎక్కడ తీసింది అక్కడే, మరునాడే, ఎవరింటి గోడకైనా తెల్ల పంచె కట్టి ముందు ఆ ఊరివాళ్ళకే చూపించాలి. తమను తాము తెర మీద చూసుకుని జనం వేసే ఈలలు వింటే ఈ వయసులోనూ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

కమిటీ పెద్ద ఎత్తిపొడిచిన సంగతి మా అత్తగారి ఊళ్ళోనే జరిగింది. అత్త, అంటే బామ్మర్ది తల్లి, చిన్నోడు అనే ఎద్దును పెంచింది. అది పుట్టగానే తల్లి ఆవు చచ్చిపోతే సీసాతో పాలు పట్టి బతికించింది. కన్నకొడుకైన తనకు కూడా అన్ని ఉలవగుగ్గిళ్ళు పెట్టలేదని బామ్మర్ది ఇప్పటికీ సణుగుతుంటాడు. మామ ఆ ఎద్దుకు జత కుదిర్చి ఎన్నో పోటీలకు తోలుకుపోయాడు. అత్త మాత్రం ఒక్కటీ చూడలేదు. అన్ని దిష్టుల్లోకీ తల్లి దిష్టే చెడ్డదని ఆమె నమ్మకం. "నా కన్ను పడితే వాని కాలు మడతపడతాది" అని, సొంత ఊళ్ళో పోటీ జరిగినా తలుపు వేసుకుని మైకులో వినేది. ఆ ఏడు చిన్నోడికి వయసు మీద పడింది, ఇదే ఆఖరి పోటీ అని మామ తేల్చేశాడు. ఇక జన్మలో వాడు లాగేది చూడలేనన్న దిగులుతో అత్త ముద్ద సరిగా మింగలేదు. చివరికి నా దగ్గరికొచ్చి, "అల్లుడా, పోటీ అయిపోయినాక తెర మింద సూస్తే దిష్టి తగులుతాదంటావా?" అని అడిగింది. "అయిపోయినదానికి యాడ తగులుతాదత్తా! దిష్టి ఎనక్కి నడుస్తాదా?" అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. ఒక్క అడుగు కూడా పోకుండా తీయాలని నాచేతా కొడుకుచేతా చిన్నోడి గంగడోలు ముట్టించి ఒట్టు వేయించుకుంది.

పోటీ రోజు మైదానం నేల ఈనినట్టుంది. డప్పులు, మైకులో అరుపులు, కలర్ సోడాల చప్పుడు, ట్రాక్టర్ల మీద, చెట్ల మీద జనం. డ్రోను ఎగిరితే ఎద్దులు బెదురుతాయని కమిటీవాళ్ళు వద్దన్నారు. ఇక దిక్కు బామ్మర్ది చేతిలోని కెమెరా ఒక్కటే. బండ వెంట వాడు, వాడి వెంట మైకుతో నేను పరుగెత్తాం. అప్పటిదాకా ముందున్న జత ఆగినచోట సున్నంతో గీత గీశారు. ఆ గీతకు జానెడు దూరంలో మా బండ నిలిచిపోయింది. మామకు గొంతు పోయింది, సమయం అయిపోవస్తోంది. చిన్నోడు తల నేలకు ఆనేంతగా వంగి, ముంగాళ్ళు భూమిలోకి దిగేసి ఒక్క ఊపు ఊపాడు. అంతే, బామ్మర్ది కెమెరాను మెడలోని పట్టీకి వదిలేసి, భుజం మీది టవలు గాల్లో తిప్పుతూ ఎగరడం మొదలుపెట్టాడు. నేనేమైనా తక్కువ తిన్నానా? మైకు చంకలో ఇరికించుకుని నోట్లో వేళ్ళు పెట్టి ఈలలు వేశాను. బండ గీత దాటింది! జనం మామను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఒళ్ళంతా గులాలుతో గంతులేస్తున్న బామ్మర్ది ఉన్నట్టుండి బొడ్డు దగ్గర వేలాడుతున్న కెమెరాను చూసుకుని కొయ్యబారిపోయాడు. "బావా, ఆఖరిది పట్టుకోలేదు బావా" అన్నాడు. ఆ గెలుపు సంబరం మా ఇద్దరికీ అక్కడితో చేదైపోయింది.

మరునాడు పొద్దు గుంకగానే అత్త వాళ్ళింటి గోడకే పంచె కట్టాం. అత్త ఎందుకైనా మంచిదని పిడికిట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని ముందు కూర్చుంది. చిన్నోడు తెర మీదికి రాగానే నోరు తెరిచేసింది. "ఇంత బలముందా వానికి! ఇంట్లో ఈగను గూడా తోలుకోడు గదా!" అంది. ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. గీత దగ్గరికి రాగానే బామ్మర్ది ఆపబోయాడు. "ఈడిదాకే బాగొచ్చిందమా. ఆపైన నేను సరిగా తీయలేదు" అని తల వంచుకున్నాడు. "ఉండేదంతా ఎయ్యి" అంది అత్త.

తెర మీద నేల ఊగిపోయింది. చెప్పులు, దుమ్ము, టవలు కొస. కానీ నా చంకలోని మైకు మాత్రం వింటూనే ఉంది. అన్ని ఈలల మధ్య బామ్మర్ది గొంతు చీల్చుకుని వచ్చింది: "అమా! సూడమా! మన సిన్నోడు లాగినాడు, సూడమా!" ఇంట్లో తలుపు వేసుకున్న తల్లిని అక్కణ్ణుంచి పిలిచాడు. అలా అరిచినట్టు వాడికే గుర్తు లేదు. అత్త లేచి నిలబడింది. మిరపకాయలు కింద రాలిపోయినా చూసుకోలేదు. కళ్ళు తుడుచుకోకుండా ఆ ఊగే దుమ్మునే చూస్తూ, "సూస్తాండా నాయనా, సూస్తాండా" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

మైదానంలో కొడుకు వేసిన కేక తల్లిని చేరడానికి ఒక రాత్రీ ఒక పగలూ పట్టింది. గడిచిపోయిందనుకున్న ఘడియ, చేరాల్సినవాళ్ళను చేరేదాకా ఎక్కడో దారిలోనే ఉంటుందని ఆ సాయంత్రం నుంచి నేను నమ్ముతున్నాను.