రెండుసార్లిచ్చిన కుర్చీ

సెక్రటరీ అంటే ఏం పనో ముందుగాల నాకు ఎవ్వలు చెప్పలే. తాండూర్ల కందుల దుకాణం నడుపుకుంట బతికేటోన్ని. నలుగురికి పనికొచ్చే పని జేద్దామని సేవా క్లబ్బుల చేరిన, సెక్రటరీగ ఉండుమంటే సరే అన్న. తీరా చూస్తే ఏంది? శాలువాలు తేవాలె. బొకేలు తేవాలె. ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎవరి పక్కన రావాల్నో జూడాలె, మొకం చిన్నగొచ్చినోని తిట్లు తినాలె. మీటింగుల మాట్లాడుకున్నది రాసిపెట్టాలె, అది న్యాయమే. కని మీటింగుల మాట్లాడుకునేదే భోజనంల పనీర్ ఉండాల్నా వద్దా అని. నెల నెలా పైకి రిపోర్టు పంపాలె, రిపోర్టుల ఫొటో ఉండాలె. ఫొటో లేకుంటే చేసిన సేవ చెయ్యనట్టే.

దౌల్తాబాద్ దిక్కు ఒక ఊర్ల గొర్లు మేపుకునేటోళ్ల ఇంట్ల ఒక అవ్వ ఉన్నది. పక్షవాతమొచ్చి కాళ్లు పడిపోయినయి. ఆమె కోడలు కందులు అమ్మనీకె మా దుకాణానికి వచ్చినప్పుడు చెప్పింది. "మా అత్త పొద్దంత లోపల్నే పడి ఉంటది సేటూ. మంద బయటికి పోతుంటే ఆ చప్పుడు ఇనుకుంట ఏడుస్తది" అన్నది. ఊహ తెలిసినప్పటి సంది గొర్ల ఎంబడి తిరిగిన మనిషి, ఏడ్వక ఏం జేస్తది. క్లబ్బుల చెప్పి ఒప్పించిన, చక్రాల కుర్చీ తెప్పించిన, ఆటోల ఏసుకొని నేనే పోయి, ఇగ ఇది నీదే అవ్వా అని చెప్పి ఇచ్చిన.

కూసోబెట్టి గొర్ల దొడ్డి కాడికి నూకినం. అవ్వ నాకు దండం పెట్టలే, మంచి మాట గూడ అనలే. ఆమె సూపంత గొర్ల మీదనే. ఒకదాని నెత్తి నిమురుకుంట, "గిది ఈనిందా? నాకు చెప్పనే లేదేమే" అని కోడల్ని తిట్టింది. కోడలు నవ్వుకుంట ఆ మాటలు పడ్డది. గా తిట్లు ఇంటుంటే నా కడుపు నిండింది. అప్పటి సంది మంద పోయేటప్పుడు, వచ్చేటప్పుడు అవ్వ దొడ్డి కాడనే ఉంటున్నదని కోడలు ఫోన్ల చెప్పేది. ఫొటో మాత్రం తియ్యలే. నాకు యాదికే రాలే.

గదే కొంప ముంచింది. మా ప్రెసిడెంటుకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉన్నది. ఒకనాడు ఫోన్ జేసిండు. వికారాబాద్ల గవర్నర్ సభ ఉన్నదట. రాష్ట్ర గవర్నర్ అనుకునేరు, కాదు. మాలాంటి క్లబ్బులన్నిటికి పెద్ద ఒకాయన ఉంటడు, ఆయనను గట్ల పిలుస్తరు.

"ఆయన చేతుల మీద ఏమన్న ఇప్పియ్యాలె గద తమ్మీ. గా కుర్చీ వాపస్ తెప్పియ్యి, స్టేజీ మీద ఇద్దాం" అన్నడు.

"అది ఇచ్చేసినం గదన్నా" అన్న.

"ఇస్తే ఇచ్చినవ్, ఎవడు చూసిండు?"

ఒళ్లు మండింది నాకు. కుల్కచర్ల దిక్కు అడుగుతున్నోళ్లు ఉన్నరు, ఇంకోటి కొని వాళ్లకిద్దాం అన్న. ఉన్నదాంతోని పనైతుంటే కొత్తదెందుకు అన్నడు. నేను తేను పో అని ఫోన్ పెట్టేసిన. నేను తేకుంటే ఆగుతది అనుకున్న, నా పిచ్చి గాకపోతే. తెల్లారి ఫ్యాక్టరీ ట్రాలీ పంపి తెప్పించుకున్నడు. ఇంటోళ్లకు ఏం జెప్పిండ్రో తెలుసా, రిపేరుకని. నిన్న మొన్న కొన్న కుర్చీకి రిపేరేంది? వాళ్లు నమ్మిండ్రు. చక్రాలకంటిన మట్టి కడిగి, తుడిచి మరీ ట్రాలీలకెక్కిచ్చిండ్రు. సభ అయ్యేదాక అవ్వ మళ్ల లోపల్నే.

సభ నాడు ఆమెను కార్ల వికారాబాద్ తోలుకొచ్చిండ్రు. కుర్చీకేమో రిబ్బన్ గట్టి స్టేజీ మీద పెట్టిండ్రు. ఆమె కుర్చీ పైన, ఆమె కింద. ఇద్దరు మనుషులు చేతుల మీద మోసుకొచ్చి ముందు వరుసల కూసోబెట్టిండ్రు. గవర్నర్ ఆలస్యంగ వచ్చిండు. వచ్చినంక దీపం, శాలువాలు, ఒకల్నొకలు పొగుడుకునుడు. నేను నీళ్లు తీస్కపోతే అవ్వ వద్దన్నది. తాగితే లేవాల్సొస్తది, గీడ ఎవరు లేపుతరు అన్నది. గా మాటకు నాకు సిగ్గుతోని సావాలనిపిచ్చింది. స్టేజీ మీదోళ్లేమో కాజు తింటున్నరు.

పేర్లు పిలిచేది సెక్రటరీ గనుక మైకు నా చేతికొచ్చింది. వాళ్లు రాసిచ్చిన కాయితం మడిచి జేబుల పెట్టుకున్న. "ఈ కుర్చీ ఈ అవ్వకు ఇదివరకే ఇచ్చినం. ఫొటో కోసమని అబద్ధం జెప్పి గుంజుకొచ్చినం. ఇప్పుడు మళ్ల ఇస్తున్నం" అన్న.

గొడవైతదనుకున్న. గొడవైతే బాగుండనుకున్న. ఏమైందంటే, చప్పట్లు కొట్టిండ్రు. "ఇస్తున్నం" అన్న మాట చెవుల పడితే చాలు, చేతులు లేస్తయి వాళ్లకు, ముంగట ఏమన్ననో ఎవడిన్నడు. గవర్నర్ నవ్వుకుంట కుర్చీ పిడి పట్టుకున్నడు. ఫొటోలు దీసేటాయన అవ్వను "జర నవ్వమ్మా" అన్నడు. కిందికి దిగినంక మా ప్రెసిడెంటు నా భుజం తట్టి, "మంచి జోకేసినవ్ తమ్మీ" అన్నడు. నీ సెక్రటరీ పదవి నువ్వే ఊరేగించుకో అని ఆడనే జెప్పిన. కోపం తగ్గినంక మాట్లాడుదం అన్నడు. ఇంకా తగ్గలే, తగ్గది గూడ.

తర్వాత కందుల పని మీద ఆ ఊరికి పోయిన. పొద్దుగాల మంద పోయే యాళ్లకే అవ్వోళ్ల ఇంటికి చేరిన. దొడ్డి కాడ అవ్వ లేదు. లోపలికి పోతే కింద చాప మీదున్నది. కుర్చీ మూలకు పెట్టి, దుమ్ము పడకుంట పైన గొంగడి కప్పిండ్రు.

"ఏంది అవ్వా, కుర్చీల కూసోవా?" అన్న.

"మీరు మళ్ల తీస్కపోతరు గద సేటూ. ఖరాబైతే మా కోడలికి మాటొస్తది" అన్నది.

"అది నీదే అవ్వా, ఇగ ఎవ్వలు ముట్టరు" అన్న.

"గప్పుడు గూడ గదే అంటివి" అన్నది.

కోపంగ అన్లే. కోపంగ అన్నా బాగుండు.