పదిహేడో సెక్షన్

ఆ అర్జీ రాసింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఆ రోజు పేజీలో వాన పడిందని మాత్రమే రాశాను. డైరీ దాచే పెట్టెకు తాళం ఉన్నా నమ్మకం లేదు.

అప్పుడు తెలంగాణ ఉద్యమం జోరుగా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రోజు రాస్తారోకో, ఒక రోజు బంద్. కాలేజీ ఎప్పుడు తెరుస్తారో తెలియదు. నేను డిగ్రీ మొదటి సంవత్సరం. కొత్తపేట దాటాక ఒక గల్లీలో, కిరాయి ఇంట్లో నడిచే ప్రభుత్వ సంక్షేమ హాస్టల్లో ఉండేదాన్ని. అక్కడ స్నానాల గదులకు గడియల్లేవు. ఒకరు లోపల ఉంటే ఇంకొకరు తలుపుకు వీపు ఆనించి నిలబడాలి. నాకు కాపలా ఉండేది మా గదిలోని అక్క. నల్గొండ వైపు పల్లె ఆమెది, లా చదువుతోంది. నేను చప్పుడు చేయకుండా నీళ్లు పోసుకుంటుంటే బయటి నుంచి అరిచేది: "ఏందే, ఉన్నవా, నీళ్లల్ల కొట్టుకపోయినవా?"

గడియల సంగతి వార్డెన్ మేడంకు ఎన్నిసార్లు చెప్పినా, "పై ఆఫీసుకి రాశానమ్మా, ఈ బందులు అయిపోనివ్వండి" అనేవారు. ఒకసారి అక్క ఊరెళ్లింది. పొద్దున్నే ఎవరూ రారనుకుని ఒక్కదాన్నే స్నానానికి వెళ్లాను. ట్యాంకు బాగుచేయడానికి వచ్చిన మనిషి తలుపు తోశాడు.

ఆ మధ్యాహ్నం అక్క పుస్తకాల్లోంచి పలుచటి పుస్తకం ఒకటి అడగకుండా తీశాను. మానవ హక్కుల పరిరక్షణ చట్టం. కథల పుస్తకంలా ఏకబిగిన చదివాను. ఫిర్యాదు అందితే మానవ హక్కుల కమిషన్ ప్రభుత్వం నుంచి నివేదిక కోరవచ్చని పదిహేడో సెక్షన్‌లో ఉంది. ధైర్యం వచ్చింది. సెక్షన్ నంబరుతో సహా కమిషన్‌కు అర్జీ రాసి, ఎల్బీనగర్‌లో తెలియని డీటీపీ షాపులో టైపు చేయించి, అక్కడే పోస్టు చేశాను. కింద 'విద్యార్థినులు' అని మాత్రం పెట్టాను. పేరు పెడితే సీటు పోతుంది. సీటు పోతే చదువు మానేసి ఊళ్లో మగ్గం ముందు కూర్చోవాలి.

నివేదిక ఎవరిని అడుగుతారో ఆలోచించలేదు.

కమిషన్ అడిగింది. ఆ కాగితం ఒక్కో ఆఫీసే దిగుతూ, నా అర్జీ నకలుతో సహా, మా మేడం బల్ల మీదికే వచ్చింది. ఫిర్యాదు ఎవరి మీదో, జవాబు రాయాల్సిందీ వాళ్లే.

ఆ సాయంత్రం మేడం అందరినీ అన్నాల హాల్లో కూర్చోబెట్టారు.

"ఎవరు రాశారో చెప్పండమ్మా, నేనేమీ అనను. సెక్షన్లు కూడా వేశారు!"

"మాకు ఏ సెక్షన్, బీ సెక్షనే ఎరుక మేడం" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నవ్వుతూనే అక్క వైపు చూశారు.

మేడం అక్క పెట్టె తెరిపించారు. పుస్తకం దొరికింది. పదిహేడో సెక్షన్ పక్కన పెన్సిల్ గీత. అది నేను గీసిందే.

"నేను రాయలె మేడం. రాస్తే నా పేరే పెడ్తుంటి."

"పేరు పెడితే ఏమవుతుందో నీకు తెలీదా?" అని మేడం నా వైపు తిరిగారు. "నువ్వు ఆ గదిలోనే ఉంటావుగా. ఏమైనా చూశావా?"

"లేదు మేడం" అన్నాను.

తర్వాత ఎవరు గుసగుసలాడినా నా గురించేననిపించేది. అక్క ఊరికే నా వైపు చూసినా తెలిసిపోయిందేమోనని భయం. డీటీపీ షాపతను ఈ వీధిలోకి వస్తే గుర్తుపడతాడేమోనని కిటికీ దగ్గరికి వెళ్లడం మానేశాను. వారంలో గడియలు బిగించారు. "రాసినోళ్ల కడుపు సల్లగుండ" అన్న అమ్మాయిలే అక్క పక్కన కంచం పెట్టుకోవడానికి జంకారు. ఒక విద్యార్థిని కక్షకొద్దీ రాసిందని నివేదిక వెళ్లిందట. వంటామె చెప్పింది, ఆమె మాటా పూర్తిగా నమ్మలేను. సెలవుల ముందు మాత్రం, వచ్చే ఏడాదికి సీటు లేదని అక్కతో చెప్పేశారు.

బ్యాగు మోస్తూ ఎల్బీనగర్ దాకా వెంట వెళ్లాను. దారంతా మాట కూడబలుక్కున్నాను. నల్గొండ బస్సు వచ్చి ఆగాక నోరు పెగిలింది.

"అక్కా, నీకొక మాట చెప్పాలె."

ఆమె మెట్టు మీద నిలబడి, నా చేతిలోంచి బ్యాగు తీసుకుంది.

"ఏం చెప్పకు పిల్లా. నాకు గూడ చెప్పకు. గీడ ఎవలు ఎసుంటోళ్లో తెల్వదు. పైలంగ ఉండు."