నాలుగో గ్లాసు పాలు

మా ఆయన సైన్సు మాస్టారు. పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరు మునుగుడు మాస్టారు. సాంద్రత పాఠం వచ్చిందంటే నా వంటిల్లు సగం ఖాళీ. తేనె సీసా, నూనె డబ్బా, నారింజలు, పొడుగాటి గాజు గ్లాసులు నాలుగూ సంచిలో సర్దుకుని, పెళ్ళికి తరలుతున్నంత హడావుడిగా బయల్దేరతారు. గ్లాసులో అడుగున తేనె, దాని మీద నీళ్ళు, ఆ పైన నూనె పోసి, ఒకదానితో ఒకటి కలవకుండా నిలబెట్టి చూపిస్తారు. తొక్కతో ఉన్న నారింజ తేలుతుంది, తొక్క వలిస్తే మునుగుతుంది. ఏది వేసేముందైనా మునుగుతుందా, తేలుతుందా అని అడిగి, పిల్లల చేత చేతులెత్తించి, ఆ లెక్క బోర్డు మీద రాస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. సాయంత్రం జిడ్డోడే గ్లాసులు తెచ్చి సింకులో పడేసేది ఆయన, తోమలేక సణుక్కునేది నేను. సణుక్కున్నా లోలోపల గర్వంగానే ఉండేది.

కళ్ళతో చూసిందే రాయండి, ఊహించింది కాదు అన్నది ఆయన తారకమంత్రం. ఆ మంత్రమే కొంప ముంచింది. మా కొంప కాదు, పాలబ్బాయి కొంప.

పాలబ్బాయంటే అబ్బాయేం కాదు, నలభై దాటినవాడు. వీధి చివర రేకుల షెడ్డులో ఐదు ఆవులు, సైకిలుకు రెండు క్యాన్లు, అదీ అతని సంసారం. భార్య పోయాక కూతురే తోడు. ఆ పిల్ల మా ఆయన దగ్గరే ఎనిమిదో తరగతి చదువుతోంది. పొద్దున్నే పాలు పితికి, చేతులు కడుక్కుని బడికి పరిగెత్తే పిల్ల. నన్ను అత్తా అని పిలిచేది.

ఈ ఏడాది మా ఆయనకు కొత్త ఆలోచన పుట్టింది. ల్యాబు బీరువాలో ఎప్పటినుంచో మూలుగుతున్న లాక్టోమీటరును బయటికి తీశారు. గీతలున్న సన్నటి గాజు గొట్టం అది. మంచి పాలలో పైకి తేలుతుంది, నీళ్ళు కలిపిన పాలలో కిందికి దిగుతుంది. నలుగురు పిల్లల్ని పాలు తెమ్మన్నారు. ముగ్గురు దారిలో కొట్టు ఫ్రిజ్‌లోంచి ప్యాకెట్లు కొనుక్కొచ్చారు. పాలబ్బాయి కూతురు మాత్రం అప్పుడే పితికిన పాలను, క్యానుకు గుడ్డ చుట్టి మరీ పట్టుకొచ్చింది. మాస్టారికి మంచివి చూపించాలని దాని ఆరాటం.

మూడు గ్లాసుల్లో గొట్టం ఉండాల్సిన గీత దగ్గర నిలిచింది. నాలుగో గ్లాసులో బాగా కిందికి దిగిపోయింది. వెనక బెంచీలోంచి ఎవడో నీళ్ళ పాలు అన్నాడు. తరగతంతా గొల్లున నవ్వింది. ఆ పిల్ల లేచి, పొద్దున తనే పితికానని, చుక్క నీరు పడలేదని చెప్పి, ఇంకా ఏదో అనబోయింది. మా ఆయన కూర్చోమన్నారు. "పరికరం అబద్ధం చెప్పదమ్మా" అన్నారు. అంతటితో ఊరుకోక బోర్డు మీద రాశారు: నాలుగో గ్లాసు, నీళ్ళు కలిపిన పాలు. అది నలభై మంది నోటుబుక్కుల్లోకి ఎక్కింది. పిల్లను అవమానించాలని ఆయనకు లేదు. ప్రయోగం ఇంత బాగా కుదిరిందన్న సంబరంలో, అవి ఎవరి పాలో కూడా పట్టించుకోలేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం అందుకే.

అయితే నేనేమైనా తక్కువ తిన్నానా? ఆ సాయంత్రం ఆయన ముచ్చటగా చెబితే విని, గోడ మీంచి పక్కింటి పిన్నిగారి చెవిన వేశాను. ఆవిడకు చెప్పడమూ వీధిలో టముకు వేయించడమూ ఒకటే. తెలిసే చెప్పాను. వారం తిరక్కుండా సగం ఇళ్ళు ప్యాకెట్లకు మారాయి. ఆ పిల్ల బడికి రావడం మానేసింది.

ఒక పొద్దున పాలబ్బాయి మా గుమ్మంలో క్యాను దించాడు.

"మాస్టారు బోర్డు మీద రాశారటక్కా, నిజమేనా?"

తిట్టినా బాగుండేది. నిజమేనన్నాను, అతని మొహం చూడలేక గిన్నె వంక చూస్తూ. అతను రోజూలాగే పాలు పోసి వెళ్ళిపోయాడు. ఈ సంగతి చెబితే మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు.

మర్నాడు తెల్లవారగానే గొట్టం పట్టుకుని షెడ్డుకు బయల్దేరారు. వెనకే నేనూ వెళ్ళాను. మా కళ్ళముందే పాలబ్బాయి పితికాడు. గొట్టం మళ్ళీ కిందికే దిగింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. మా ఆయన గ్లాసు చుట్టూ చెయ్యి వేసి, చటుక్కున తీసేశారు. బకెట్టుతో చల్లటి నీళ్ళు తెప్పించి గ్లాసును అందులో నిలబెట్టారు. పాలు చల్లబడేకొద్దీ గొట్టం నెమ్మదిగా పైకి లేచింది. అరగంటకు, ప్యాకెట్ పాలలో నిలిచిన గీత దగ్గరికే వచ్చి ఆగింది. వేడెక్కితే సాంద్రత తగ్గుతుందని అంతకుముందు నెలే పాఠం చెప్పిన మనిషి, ఫ్రిజ్‌లోని పాలనూ పొదుగులోని పాలనూ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేశారు. దాణా బస్తా మీద కూలబడిపోయారు. నాకు ఆయన్ని చూస్తే జాలి, ఒళ్ళుమంట రెండూ కలిగాయి.

అదే రోజు తరగతిలో తప్పు ఒప్పుకున్నారు. ఆ తర్వాత గొట్టం, బకెట్టు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. వినేవాళ్ళేరీ? మాస్టారిది వెన్నలాంటి మనసు, తల్లిలేని పిల్లని చూసి మాట మారుస్తున్నారు అని పిన్నిగారు నాతోనే అంది. ఆవిడకు చెప్పిన నోటితోనే కాదని పదిసార్లు చెప్పాను. తల ఊపి, ప్యాకెట్ కత్తిరించుకుంది.

నెల గడిచేసరికి పాలబ్బాయి ఆవుల్ని అమ్మేశాడు. బావమరిది ఊళ్ళో ఏదో గోదాములో పని దొరికిందట, ఆదివారం వెళ్ళిపోతున్నారని తెలిసి ఇద్దరం వెళ్ళాం. అతను సామాను సర్దుతూ పలకరించాడు గానీ కూర్చోమనలేదు. ఆ పిల్ల నేల మీద కూర్చుని పుస్తకాలు తాడుతో కడుతోంది. మా ఆయన దాని ముందు గొంతుక్కూర్చున్నారు.

"తప్పంతా నాదేనమ్మా. పాలు వెచ్చగా ఉన్నాయన్న సంగతే నాకు తట్టలేదు."

"నాకు అప్పుడే తెలుసండీ. మీరు చెప్పిన పాఠమే కదా."



"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు తల్లీ?"

ఆ పిల్ల తలెత్తి ఆయన వంక చూసింది. కోపం లేదు, అడిగినదానికి జవాబు చెప్పే పిల్ల మొహమే.

"చెబుదామనే లేచానండీ. మీరు కూర్చోమన్నారు" అంది, తాడు ముడి బిగిస్తూ.